చిన్నజేజినాయన కొట్టని మంత్రి

మొన్నొక మధ్యాహ్నం మార్కాపురంలో తర్లుపాడు ఆటో ఎక్కి, అది నిండే దాకా కూర్చోవాల్సి వచ్చింది. ఇంకా ముగ్గురు ఎక్కితే గాని కదలనన్నాడు డ్రైవరు. ఊరికే కూర్చోలేక పక్క ఆటో అతనితో సెల్‌ఫోనులో చదరంగం మొదలుపెట్టాడు. ఫోనును ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టుకుని, ఒకరు వేలితో కాయ జరపడం, ఫోను రెండోవాడి వైపు తిప్పడం. నేను వెనక సీట్లోంచి మెడ చాపి చూస్తున్నాను. ఉన్నట్టుండి పక్క ఆటో అతను తొడ చరుచుకుని అరిచాడు.

"రేయ్, మంత్రినే ఇచ్చేసినావు కదరా! పిచ్చి గిన పట్టిందా ఏంది?"

"కొట్టుకో," అన్నాడు మా డ్రైవరు పళ్ళన్నీ బయటపెట్టి. "ధైర్యం ఉంటే కొట్టుకో."

రెండో అతని వేలు ఫోను మీదికి వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈలోగా ముగ్గురు ఎక్కారు, బేరం కుదిరింది, ఇక పోదాం పదమన్నారు. "ఉండండయ్యా, ఆ ఒక్క ఎత్తూ అయిపోనీండి" అన్నది నేనే. ముసలామెకు ఈ ఆటతో ఏం పని అన్నట్టు అందరూ నావైపు తిరిగారు. వాళ్ళకేం చెప్పను? అట్లా ముందుకు వచ్చి వెనక్కిపోయిన వేలిని నేను పదకొండేళ్ళ వయసులో ఒకసారి చూశాను. ఆ వేలు మా చిన్నజేజినాయనది. ఆయన ముందర పెట్టిన మంత్రి నేను పెట్టినది.

మా నాయన అప్పట్లో మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే నన్ను బస్సెక్కించి తర్లుపాడు దగ్గర మా ఊరికి పంపేవాళ్ళు. అక్కడ మా నాయన వాళ్ళ అమ్మానాయనలు, అంటే మా జేజి, జేజినాయన ఉండేవాళ్ళు. జేజినాయన తమ్ముడు చిన్నజేజినాయన పక్కింట్లోనే. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే, రెండు చేలకూ మధ్య గట్టు ఒకటే.

జేజినాయన ఇంటి అరుగు మీద ఒక నల్లటి పలకరాతి బండ ఉండేది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేవదు. మా నాయన దాని మీద ఉలితో అరవై నాలుగు గడులు గీసి, గడి విడిచి గడి గీకి తెల్లబరిచి, ఎద్దుల బండిలో వేయించి పంపాడు. బయట ఎండ కాళ్ళు కాలుస్తున్నా ఆ బండ చల్లగా ఉండేది. దాని మీద చెంప ఆనించి పడుకోవడం నాకెంతో ఇష్టం. నీళ్ళు చిలకరిస్తే కొత్త పలక వాసన వచ్చేది, బడి తెరిచిన రోజు వాసన. కాయలు మా ఊరి వడ్రంగి చెక్కినవి. సగం ఎర్రవి, సగం పచ్చవి. మా వైపు ఆట పాత పద్ధతిలోనే ఉండేది. రాజుకు ప్రమాదం తెస్తే "షా" అనాలి. రాజుకు పోను దారి లేకుండా చేస్తే "కట్టు". అన్నిటికంటే బలమైన కాయ మంత్రి, ఎటైనా ఎంత దూరమైనా పోతుంది. మంత్రి పోతే ఆట పోయినట్టే అనేవాడు జేజినాయన.

అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచీ ఆ ఆట ఆడినవాళ్ళే. ఇద్దరిదీ ఒకటే పద్ధతి. ఏదీ ఇయ్యరు. ఒక్క బంటు పోయినా జేజినాయన ఆ పూట కూట్లోకి చెయ్యి సరిగా పెట్టేవాడు కాదు. పొద్దున సద్దికూడు తిని కూర్చుంటే గొడ్లు ఇంటికి తిరిగొచ్చే దాకా ఒక్క ఆటే సాగేదట. "ఆ కట్టెముక్కలు పొయ్యిలో పెడితే సంగటన్నా ఉడుకుతాది" అని జేజి తిట్టేది. తిడుతూనే ఇద్దరికీ వేయించిన చెనక్కాయలు, బెల్లం తెచ్చి బండ పక్కన పెట్టేది.

నేను చెబుతున్న వేసవి నాటికి ఆ ఆట ఆగిపోయి రెండేళ్ళయింది. జేజినాయన కళ్ళకు అప్పుడప్పుడే పొరలు కమ్ముతున్నాయి. ఒకరోజు చిన్నజేజినాయన గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, మళ్ళీ ఎత్తి ఇంకో గడిలో పెట్టాడట.

"పెట్టిన కాయ ఎత్తగూడదురా," అన్నాడు జేజినాయన.

"నేనెప్పుడు ఎత్తినాను? నీకు కనపడక అంటా ఉండావు."

"చప్పుడు రెండుసార్లు ఇనపడింది నాకు."

"కనపడని మనిషితో ఆడేది ఏంది!" అని చిన్నజేజినాయన కండువా దులుపుకుని లేచిపోయాడు.

అంతే. ఆ మాట తరువాత ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని, నన్ను మధ్యలో పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. "పాపా, మీ చిన్నజేజినాయనకు చెప్పు, ఆయన బర్రె మన గడ్డివామి పీకతాంది" అని జేజినాయన గోడ పగిలేంత గట్టిగా అనేవాడు. నేను గోడ చుట్టూ పరుగెత్తి ఆ మాట చెప్పేలోపే అవతలి నుంచి "పాపా, ఇనపడింది అని చెప్పు" అనేవాడు చిన్నజేజినాయన. నాకు ఆ పరుగులు భలే ఉండేవి. పోయినప్పుడల్లా చిన్నజేజి చేతిలో ఏదో ఒకటి పెట్టేది. ఒకసారి కోసిన మామిడికాయ మీద ఉప్పూకారం, ఒకసారి ముంజలు. కొన్నిసార్లు చెప్పని మాటలు కూడా మోసుకుపోయాను, ముంజల కోసం.

ఆ ఏడు గొర్రెల మామ మంద తోలుకొచ్చాడు. ఆయనది గిద్దలూరు అవతల, అడవి పక్క ఊరు. పంటలు తీసేశాక చేలన్నీ ఖాళీగా ఉంటాయి కదా, అప్పుడు మందను తోలుకుంటూ ఊరూరూ వచ్చేవాడు. పగలంతా బీళ్ళలో మేపి, పొద్దు గూకగానే ఎవరో ఒక రైతు చేన్లో మందను నిలిపేవాడు. గొర్రెలు పడుకున్న చోట పడిన పెంట, ఉచ్చ ఆ చేనికి ఎరువు. అది పడిన చేన్లో మరుసటి ఏడు జొన్న మనిషెత్తు లేచేది. అందుకే మంద ఊర్లోకి వచ్చిందంటే రైతులు మామ చుట్టూ తిరిగేవాళ్ళు. మంద రాకముందే వాసన వచ్చేది, తడి బొచ్చు వాసన, పుల్లటి పాల వాసన. జేజి ముక్కు మూసుకునేది. నేను గట్టిగా పీల్చేదాన్ని.

గొర్రెల మామ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆ ఎండలో కూడా భుజాన గొంగడి. నవ్వితే కళ్ళు కనపడేవి కావు. మా జేజినాయనను "మామా" అని పిలిచేవాడు, నేను ఆయన్ని మామ అనేదాన్ని. ఒకరోజు జేజి పంపిన సద్ది ఇవ్వడానికి బీట్లోకి పోతే, ఆయన తుమ్మచెట్టు నీడలో కట్టెతో నేల మీద గడులు గీసి, రాళ్ళు పెట్టుకుని ఒక్కడే ఆడుకుంటున్నాడు.

"మామా, నీకు చదరంగం వచ్చా?"

"వచ్చో రాదో, అడవిలో ఫారెస్టు గార్డు ఒకాయన నేర్పినాడు. ఆయన బదిలీ మీద పోయినాడు. అప్పట్నుంచీ నాతో నేనే ఆడుకుంటా ఉండా."

"గెలుస్తావా?"

"రోజూ గెలుస్తా. రోజూ ఓడిపోతా."

మర్నాడు నేను అరుగు మీది కాయల సంచి పావడాలో దాచుకుని బీట్లోకి పోయాను. రెండేళ్ళుగా ఎవరూ ముట్టని సంచి, పోయిందని కూడా ఎవరికీ తెలియదనుకున్నాను. ఆట నేర్పడానికి మామ అడిగింది రోజుకొక బెల్లం గడ్డ. జేజి ఉట్టిలోంచి అది తీయడం నా పని. నాకు కాయల నడకలు ఇంట్లో చూసి తెలుసు గాని, ఆట అంటే ఏమిటో ఆ తుమ్మచెట్టు కింద తెలిసింది.

ఆయన ఆట మా ఇంటి ఆట కాదు. నాలుగో ఎత్తుకే ఒక బంటును నా ముందర పారేసేవాడు. నేను ఆశగా తినేదాన్ని. తరువాత ఒక గుర్రం ఇచ్చేవాడు. నేను తినేదాన్ని. నా ఒళ్ళో పచ్చకాయలు కుప్పగా పడుతుండేవి, ఇక గెలిచేసినట్టేనని నేను ఎగురుతుంటే ఆయన తాపీగా "షా" అనేవాడు. చూస్తే నా రాజు నడిబజార్లో బట్టల్లేకుండా నిలబడి ఉండేవాడు. నా కాయలన్నీ ఎక్కడో తినడంలో మునిగి ఉండేవి.

"అన్ని కాయలు ఇచ్చేస్తే ఎట్ల గెలిచినావు మామా?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

"నువ్వు తినేదానికి నాలుగు ఎత్తులు ఖర్చు చేసినావు. ఆ నాలుగెత్తుల్లో నేను నీ ఇంటికాడికి వచ్చినాను," అన్నాడు. "కాయలు దాచి పెట్టుకునేదానికి కాదు పాపా. ఆట అయినాక అన్నీ ఒకటే సంచిలోకి పోతాయి. ఇస్తే దారి తెరుచుకుంటాదా లేదా, అది చూడు. తెరుచుకుంటే మంత్రినన్నా ఇయ్యి."

ఒక్క గొర్రెపిల్లను తోడేలుకు ఇయ్యని మనిషి, చీకటి పడితే ఒక్కో పిల్ల నెత్తి తడిమి లెక్కచూసుకునే మనిషి, ఆ మాట అనడం నాకు వింతగా ఉండేది.

ఆయన నేర్పిన వాటిలో నన్ను పిచ్చిదాన్ని చేసింది ఒకటుంది. ఎదుటి రాజు ఒక పక్కన, బంట్ల వెనక దాక్కుని ఉంటాడు. మనం మంత్రిని నేరుగా తీసుకుపోయి అంచు బంటును కొట్టి షా చెబుతాం. ఆ మంత్రికి కాపలా ఎవరూ ఉండరు. రాజు దాన్ని తింటాడు. అప్పుడు మన ఏనుగు అంచు వరుసలోకి వచ్చి షా అంటుంది. రాజు వెనక్కి పోదామంటే మన గుర్రం ఆ గడులను చూస్తూ ఉంటుంది. కట్టు! మంత్రిని ఇచ్చేసి ఆట కట్టడం. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఒక్కటే పదిసార్లు పెట్టించుకుని ఆడాను. సంగటి ముద్ద చిదిమేటప్పుడు కూడా అదే. ముద్ద మంత్రి, ఉల్లిగడ్డ బంటు.

కాయలు దొంగతనంగా తీసుకుపోవడం ఎక్కువ రోజులు దాగలేదు. మందలో నాలుగు మేకలు కూడా ఉండేవి. వాటిలో ఒకటి నేను ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఒక ఎర్ర బంటును నోట్లో వేసుకుని కరకర నమిలేసింది. మామ దాని దవడలు పట్టుకుని విప్పేసరికి తల ఒకచోట, మొండెం ఒకచోట. ఆ సాయంత్రం ఏడ్చుకుంటూ జేజినాయనకు చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆ రెండు ముక్కలనూ వేళ్ళతో తడిమి చూశాడు.

"అయితే ఆట వచ్చా నీకు?" అన్నాడు చివరికి.

"వచ్చు."

"ఎవరు గెలుస్తా ఉండారు?"

"మామే. రోజూ మంత్రిని ఇచ్చేస్తాడు, అయినా మామే."

"మంత్రిని ఇచ్చేస్తాడా!" జేజినాయన గొంతులో అసహ్యం, ఆశ్చర్యం రెండూ వినిపించాయి. బంటు బదులు ఒక పలక ముక్క అరగదీసి ఇచ్చాడు గాని, ఆ ఆట మాత్రం మంచిది కాదన్నాడు.

అప్పటికి రోహిణి ఎండలు దాటుతున్నాయి. పడమర మబ్బులు కనపడుతున్నాయి. ఇంకో పదిరోజులు ఇక్కడ ఉండి, వాన పడకముందే పొదిలి వైపు పోవాలన్నాడు మామ. ఊర్లో మిగతా చేలన్నీ అయిపోయాయి. మిగిలింది మా అన్నదమ్ములవే. పదిరోజులు రెండు చేలకు చాలవు, ఒక్కదానికైతే సరిగ్గా సరిపోతాయి. జేజినాయన చేను రెండేళ్ళుగా సరిగా పండలేదు. కళ్ళు కనపడక ఆయన సేద్యం వెనకబడింది. ఈ ఏడు మంద పడితే తప్ప గింజ రాదని జేజి నాలుగు రోజులుగా దిగులు పడుతోంది. చిన్నజేజినాయన చేనూ అంతంతమాత్రమే. ఇద్దరూ ఒకే పొద్దున మామ దగ్గరికి పోయారు, వేరు వేరు దారుల్లో.

మామ ఇద్దర్నీ మా అరుగు మీదికి పిలిచాడు. "నాకు ఇద్దరూ మామలే. ఒకరికి ఔనని ఒకరికి కాదనలేను. ఇదిగో బండ ఉండాది. మీరే ఆడుకోండి. గెలిచినాయన చేన్లో మంద కడతా."

ఇద్దరూ బండ వైపు తిరిగారు గాని, ఒకరి వైపు ఒకరు తిరగలేదు.

"పాపా," అన్నాడు జేజినాయన, "కనపడని మనిషితో ఆయన ఆడడు కదా, అడుగు."

నేను చిన్నజేజినాయన వైపు తిరిగాను. రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన మొహం ఎర్రబడింది. తల దించుకుని, "కళ్ళకు పాప ఉండాది కదా. పాపను కూర్చోపెట్టుకోమను," అన్నాడు.

"థూ, మీ ఇద్దరి నోళ్ళూ పడిపోయినాయా, ఆ పిల్లను తిప్పుతారేంది!" అని జేజి లోపలి నుంచి అరిచింది. అయినా అరుగు అలికి, బండ తుడిచి, చాప వేసింది.

మరుసటి రోజు సద్దులు తాగాక ఆట మొదలైంది. జేజినాయనవి ఎర్రకాయలు, చిన్నజేజినాయనవి పచ్చవి. జేజినాయన పక్కన నేను. చిన్నజేజినాయన కాయ జరిపితే అది ఎక్కడికి వచ్చిందో నేను చెప్పాలి. జేజినాయన ఆలోచించి తన ఎత్తు నా చెవిలో చెబుతాడు. నేను కాయ పెట్టి, పైకి చెప్పాలి. ఆయన నోట్లో పొగాకు, నా చెవి మీద వెచ్చటి ఊపిరి. కళ్ళు మూసుకుని ముప్పై రెండు కాయలనూ తలకాయలో పెట్టుకుని ఆడుతున్నాడాయన. ఎక్కడా తప్పు పోలేదు. ఊర్లో పదిమంది దాకా చేరారు. గొర్రెల మామ స్తంభానికి ఆనుకుని గొంగడి మీద కూర్చున్నాడు.

ఆట ఎప్పటి ఆటే. ఒకరు జరిగితే ఒకరు జరుగుతారు, ఎవరూ ఏదీ ఇయ్యరు. జేజి తెచ్చిన ఉలవచారు, కొర్రన్నం బండ పక్కనే తిన్నారు. ఎండ అరుగు అంచుకు వచ్చి వెనక్కి మళ్ళింది. సగం మంది విసుగెత్తి లేచిపోయారు. అప్పుడు చిన్నజేజినాయన ఏటవాలుగా నడిచే ఒంటెను ఒకదాన్ని తెచ్చి మా మంత్రి మీద గురిపెట్టాడు. ఆ సంగతి చెప్పాను. జేజినాయన గడ్డం గోక్కుని నా చెవిలో అన్నాడు. "మంత్రిని ఎనక్కి, మన ఇంట్లోకి తెచ్చేయి."

నేను మంత్రిని పట్టుకున్నాను. అప్పుడు కనపడింది.

చిన్నజేజినాయన రాజు ఒక పక్కన మూడు బంట్ల వెనక కూర్చుని ఉన్నాడు. మా మంత్రి నిలబడిన వరుసలోనే నేరుగా పైన అంచు బంటు ఉంది. మా ఏనుగు ఆ వరుసలోకి రాగలదు. గుర్రం కూడా ఆ దిక్కునే ఉంది. అచ్చం తుమ్మచెట్టు కింది ఆట! గుండె చప్పుడు బండకు వినపడుతుందేమో అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లకు ఎంత పొగరో అని నవ్వొస్తుంది. జేజినాయన చెప్పిన మాట నా చెవిలో ఇంకా వెచ్చగా ఉండగానే, నా చెయ్యి ముందుకే పోయింది. మంత్రిని తీసుకుపోయి ఆ బంటును కొట్టి టక్కున పెట్టాను.

"మంత్రి అంచు బంటును కొట్టింది. షా," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

జేజినాయన పొగాకు నమలడం ఆపేశాడు.

గొర్రెల మామ ముందుకు వంగి బండ మీదికి చూశాడు. ఆయన నవ్వుతాడేమోనని నేను చూశాను. నవ్వలేదు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు నేను కూడా మళ్ళీ చూశాను. మా గుర్రం ఉండాల్సిన గడికి ఒక గడి ఇవతల ఉంది.

జేజినాయన చెయ్యి మెల్లగా బండ మీదికి వచ్చింది. వేళ్ళ కొసలతో, కాయలు కదలకుండా, ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. శత్రువు బంట్ల మధ్య ఒంటరిగా నిలబడిన తన మంత్రి తల మీదికి వచ్చి ఆ వేళ్ళు ఆగాయి. ఇప్పుడు ఆయన ఒక్క మాట అంటే చాలు, నేను చెప్పింది అది కాదు, పిల్ల తప్పు పెట్టింది అని. పదిమందీ ఒప్పుకునేవాళ్ళే. కానీ పెట్టిన కాయ ఎత్తగూడదన్నది ఆయనే కదా. ఆ మాట మీదే రెండేళ్ళు తమ్ముడితో మాట్లాడకుండా ఉన్న మనిషి. చేను, మంద, ఏడాది గింజలు అన్నీ ఆ మంత్రి తల మీద ఉన్నాయి. ఆయన చెయ్యి తీసుకుని, మళ్ళీ పొగాకు నమలడం మొదలుపెట్టాడు.

"ఏంది చూస్తా ఉండావు?" అన్నాడు. "ఆడు."

రెండేళ్ళ తరువాత తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, జేజి తప్ప. ఆమె గడప దగ్గర చేట పట్టుకుని నిలబడిపోయింది.

చిన్నజేజినాయన వేలు మంత్రి మీదికి వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది. ఆయన అన్న మొహం వంక చూశాడు. జేజినాయన మొహంలో ఏముంది, ఆవు నెమరు వేసుకుంటున్నట్టుంది. మళ్ళీ వేలు వచ్చింది, మళ్ళీ పోయింది. చెమటలు కారుతున్నాయి. "ఒక్క బంటును ఇయ్యనోడు... మంత్రిని ఇచ్చినాడంటే..." అని తనలో తాను గొణుక్కున్నాడు. ఏనుగు ఎటు నుంచి వస్తుంది, గుర్రం ఎటు దూకుతుంది అని గాలిలో వేలితో గీతలు గీశాడు. ఎంత గీసినా ఆ మంత్రిని తింటే ఏమవుతుందన్నదే చూశాడు గాని, తినకపోతే ఏమవుతుందో చూడలేదు. నేను దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను.

చివరికి ఆయన, "నీ మాయలో నేను పడను," అని, రాజును పక్కనున్న ఖాళీ గడిలోకి జరిపాడు.

నేను పైకి చెప్పాను. చెప్పడం పూర్తి కాకముందే జేజినాయన నా మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి చెవిలో గబగబా చెప్పాడు. "మంత్రిని మూల గడిలోకి తొయ్యి."

తోశాను. చూస్తే చిన్నజేజినాయన రాజుకు ఒక పక్క తన ఏనుగే, దాని ముందర తన ఒంటే, ఎదురుగా తన బంట్లే. ఖాళీ ఉన్న ఒక్క గడీ మా మంత్రి చూపులో ఉంది. దాచి దాచి పెట్టుకున్న కాయలన్నీ దారికి అడ్డంగా నిలబడ్డాయి.

"కట్టు!" అని అరిచింది గొర్రెల మామ. గొంగడి ఎగరేసి, నన్ను భుజాల మీదికి ఎత్తుకుని అరుగంతా తిరిగాడు. ఆ గొంగడి వాసన, ఆ ఎత్తు నుంచి కనపడిన జేజి మొహం, కింద నోరు తెరుచుకుని బండను చూస్తున్న చిన్నజేజినాయన బట్టతల. ఆ సంతోషం లాంటిది మళ్ళీ పెళ్ళిలో కూడా నాకు కలగలేదు.

సాయంత్రం దొడ్లో కాళ్ళు కడుక్కుంటూ జేజినాయన నన్ను పిలిచాడు. చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడ్డాను.

"వాడు మంత్రిని కొట్టి ఉంటే ఏం చేసేదానివి?"

"ఏనుగును తెచ్చి షా అనేదాన్ని."

"వాడి ఒంటె అడ్డం వస్తాది. అప్పుడు?"

నీళ్ళు ఆయన కాళ్ళ మీద కాక నేల మీద పోస్తున్నాను. దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. నవ్వు వినపడింది. దగ్గు వచ్చే దాకా, పొలమారే దాకా నవ్వాడాయన. "ఎవరికీ చెప్పొద్దు. ఆ మంత్రిని నేనే ఇచ్చినాను, తెలిసిందా?" అన్నాడు. "తెలిసింది" అన్నాను.

మర్నాడు కోళ్ళు దిగకముందే గోడ అవతల నుంచి అరుపు. చిన్నజేజినాయన నా ద్వారా చెప్పించే ఓపిక కూడా లేక, చుట్టు తిరిగి నేరుగా మా అరుగు మీదికి వచ్చి పడ్డాడు.

"అన్నా! కొట్టుంటే గెలిచేవాణ్ణి! నా ఒంటె అడ్డం వచ్చేది! పడుకున్నోణ్ణి లేచి చూసుకున్నా!"

"మరి కొట్టలేదేందిరా?"

"నువ్వు ఊరికే ఇచ్చే మనిషివా? నలభై ఏళ్ళు ఆడితిమే, ఒక్క బంటును ఇచ్చినావా? ఏదో ఉండాదని అనుకుంటి!"

"కొట్టాల్సింది," అన్నాడు జేజినాయన ఎంతో జాలిగా.

మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. బండ మీద కాయలు పెట్టడం, తీయడం, అది కాదురా ఇది అనడం. రెండేళ్ళ మాటలన్నీ ఆ ఒక్క ఎత్తు చుట్టూ తిరిగి అయిపోయాయి. జేజి ఆ రోజు మందలోంచి కొత్తగా ఈనిన గొర్రె పాలు తెప్పించి జున్ను వండింది. యాలకులు వేసి, బెల్లం దండిగా వేసి. ఉట్టిలో బెల్లం అంతగా ఎట్లా తగ్గిందని అడగలేదు, నా వైపు మాత్రం ఒకసారి చూసింది.

మంద ఐదు రోజులు మా చేన్లో పడుకుంది. ఆరో రోజు జేజినాయన గొర్రెల మామను పిలిచి, "ఈ రాత్రి నుంచి గట్టు అవతల కట్టు," అన్నాడు. చిన్నజేజినాయన వద్దంటే వద్దన్నాడు, ఓడిపోయినోణ్ణి నాకెందుకన్నాడు. ఆ వాదన ఒక పూట జరిగాక మంద గట్టు దాటింది. పదో రోజు సాయంత్రం మొదటి వాన పడింది. మర్నాడు మామ మందను తోలుకుని పొదిలి దారిన పోయాడు. చాలా దూరం ఆయన వెనక నడిచాను. వెనక్కి పొమ్మంటూ తన నోట్లో బెల్లం ముక్క సగం కొరికి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాత రెండు మూడు ఏళ్ళు వచ్చినట్టున్నాడు. అప్పటికి నేను పెద్దదాన్నయి వేసవికి ఊరికి పోవడం తగ్గింది. తరువాత చేలకు ఎరువుల మందు మూటలు వచ్చాయి, మందల కోసం ఎదురుచూసే పని తప్పింది. ఇప్పుడు మా ఊరి పిల్లలకు చేన్లో మంద కట్టడం అంటే ఏమిటో చెబితే గాని తెలియదు. నాయన పనిచేసిన కార్ఖానా కూడా మూతపడింది.

ఆ ఏడే పంట ఇంటికి వచ్చాక చిన్నజేజినాయన అన్నను వెంటబెట్టుకుని పోయి కళ్ళకు ఆపరేషను చేయించుకొచ్చాడు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో మంచం పక్కనే ఉన్నాడట. కట్టు విప్పాక జేజినాయన కాయలను కళ్ళతో చూసుకుంటూ ఇంకా పదేళ్ళు ఆడాడు. అప్పుడప్పుడు ఒక బంటును ఊరికే ఇచ్చేవాడని, తమ్ముడు దాన్ని తినాలా వద్దా అని పొద్దంతా అల్లాడిపోయేవాడని జేజి చెప్పి నవ్వేది.

నేను మాట నిలబెట్టుకున్నాను. జేజినాయన పోయాక కూడా ఎవరికీ చెప్పలేదు. నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకసారి ఊరికి పోయాను. చిన్నజేజినాయనకు అప్పటికి ఎనభై దాటాయి. చెవులు వినపడవు, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. మా అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన బండ, దాని మీద చాప పరిచి ఎండబెట్టిన వడియాలు. ఎందుకో ఆ రోజు ఆగలేకపోయాను. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను. ఆ మంత్రిని జేజినాయన పెట్టమనలేదని, నేనే పెట్టానని.

ఆయన ఒక వడియం తీసి, ఇటూ అటూ తిప్పి, మళ్ళీ అక్కడే పెట్టాడు. నలభై ఏళ్ళు ఆడిన అన్న ఒక్కసారి అంత పెద్ద ఆట ఆడాడని ఆయన ఎంతమందికి చెప్పుకుని ఉంటాడో, దాన్ని తీసేసుకున్నానేమో అని నాకు భయం వేసింది. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి.

"అయితే మా అన్న చేతిలో ఏముండాదని నేను అంతసేపు ఆయన మొహం చూస్తిని?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండానే 'ఆడు' అన్నాడా!" బోసినోరంతా తెరిచి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "వాడురా మా అన్న! వాడురా!" అని తొడ చరుచుకున్నాడు. తరువాత వడియాల చాప లాగి పక్కన పడేసి, కాయల సంచి తెమ్మని నా కూతుర్ని తోలాడు. "కూర్చో. నేను ఓడిపోయింది నీకంట. కూర్చో, ఈసారి కొడతా."

లోపల వంట కాలేదు, పిల్లల స్నానాలు కాలేదు. కూర్చున్నాను. పదిహేనో ఎత్తులోనో పదహారో ఎత్తులోనో దారి తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోకుండా, మంత్రిని తీసుకుపోయి ఆయన రాజు ముందర పెట్టాను. ఆయన నా మొహం చూశాడు. నేను మా జేజినాయనలాగా దవడలు ఆడిస్తూ ఎటో చూస్తూ కూర్చున్నాను. ఆయన వేలు ముందుకు వచ్చింది, మంత్రి తల మీద ఆగింది. పక్కన నా కూతురు బండ మీదికి వంగింది.

కొట్టాడు. కొట్టి, ఆ ఎర్రమంత్రిని పిడికిట్లో పట్టుకుని, ఆట గెలిచే దాకా వదల్లేదు.